ఎలీషబా మిద్దెకు సున్నం

మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్లకు లెక్కలేదు. ఆ పలకలు చేసిన చేతులకు అక్షరాలు వచ్చాయా అని అడిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఎలీషబాకు రాలేదు. పన్నెండేళ్ల వయసులో పలకలకు చెక్క చట్రాలు బిగించే పనికి కూర్చున్న మనిషి, ముప్పై ఏళ్లు దాటినా అక్కడినుంచి లేవలేదు. పెళ్లి కూడా ఆ కార్ఖానాలోనే కుదిరింది. రాయి కోసే మిషను దగ్గర దావీదు ఉండేవాడు. ఒంటినిండా బూడిదరంగు దుమ్ము, అందులో రెండు కళ్లు, ఒక నవ్వు. ఆదివారం స్నానం చేసి చర్చికి వస్తే ఎవరో కొత్త మనిషి అనుకున్నానని ఆమె ఇప్పటికీ అతన్ని ఆటపట్టిస్తుంది.

వాళ్లకంటూ ఒక ఇల్లు వచ్చింది ఊరిచివర కాలనీలో. ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా. పట్టా ఆమె పేరు మీదే ఇచ్చారు. దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుంది. చదవడం రాకపోయినా రోజూ తెరిచి చూసే పుస్తకం అదొక్కటే కాబట్టి, పట్టా కూడా రోజూ కనపడేది.

మొదటి వానకే మిద్దె కారింది. అప్పుడు మొగుడూ పెళ్లాలు చేసిన పని పలకల మనుషులు తప్ప ఇంకెవరూ చెయ్యరు. కార్ఖానా వెనక పగిలిన పలకరాళ్లు గుట్టలుగా పడి ఉంటాయి, ఎవరైనా ఊరికే తీసుకుపోవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నాలు కార్ఖానాలో పలకరాయి పరిచిన నేలమీద కొంగు వేసుకుని పడుకుంటే ఎంత హాయిగా ఉంటుందో వాళ్లకు ఒకరు చెప్పాలా? కింద పరిస్తేనే ఇంత చల్లగా ఉంటే, మిద్దెమీద పరిస్తే ఇల్లంతా చలువ పందిరే అనుకున్నారు. ఆమె రోజూ సాయంత్రం ఒక గంప మోసుకొచ్చింది. అతను ఒక్కొక్క ముక్కా చూసి, చెక్కి, సందు లేకుండా సిమెంటుతో అతికించాడు. ఏడాది పట్టింది. నల్లగా, నున్నగా, చూడముచ్చటగా ఉండేది. వాన కారడం ఆగిపోయింది. అది చూసి కాలనీలో ఇంకో నలుగురు తమ మిద్దెలమీద కూడా పలకలు పరుచుకున్నారు. మంచి పనికైనా చెడ్డ పనికైనా మన కాలనీలో ఒకడు ముందు నడిస్తే చాలు.

ఆ తర్వాత దావీదుకు దగ్గు పట్టుకుంది. అన్నేళ్లు పీల్చిన రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుందని, అది ఇక పోయేది కాదని ఆసుపత్రిలో చెప్పారు. కరెంటుతో ఆక్సిజన్ ఇచ్చే మిషను ఒకటి ఇంట్లో పెట్టుకోమంటే తెచ్చి పెట్టుకున్నారు. అన్నిటికంటే ముఖ్యం, ఇంకొంచెం దుమ్ము కూడా తగలకూడదు, ఇంట్లో తలుపులు వేసుకుని ఉండాలి అన్నారు.

ఉండాలి, సరే. ఎట్ల ఉండాలి? ఉగాది దాటిందంటే ఆ గది కుమ్మరి ఆవం. తలుపు మూస్తే సెగకు ప్రాణం పోతుంది, తెరిస్తే ఎదురుగా రోడ్డు, రాళ్ల లారీలు, దుమ్ము. దావీదు నాలుగు వేసవులు వరండాలో మంచం వేసుకుని, మూతికి తువ్వాలు కట్టుకుని గడిపాడు. ఏటేటా దగ్గు పెరిగింది, మనిషి తగ్గాడు. ఎలీషబా గోనెపట్టాలు తడిపి కట్టింది. కూలరు కొన్నది. దాంతో కరెంటు బిల్లు పెరిగింది, ఇల్లు మాత్రం చల్లబడలేదు.

ఒకరోజు ఆమె పనికి పోతూ అన్నం క్యారియరు మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చింది. ఆక్సిజన్ మిషను ఆపేసి ఉంది. దావీదు గోడకు ఆనుకుని, నీలంగా మారిన పెదవులతో ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. ఆమె పనికి పోయిన ప్రతిరోజూ ఆపుతున్నాడని అప్పుడు తెలిసింది.

"ఏందయ్యా ఈ పని?" అన్నది ఆమె, మిషను వేస్తూ.

"ఆ మీటరు తిరుగుతా ఉంటే నాకు ఊపిరాడదే," అన్నాడు దావీదు.

ఇట్ల పోతే వచ్చే వేసవికి ఈ మనిషి ఉండడు అని ఆమెకు ఆ పూట ఖాయమైపోయింది. పనికి పోలేదు.

మీటరు చూడడానికి వచ్చే లైన్‌మన్ నరసింహంతో ఆమె ఈ గోడు వెళ్లబోసుకుంది. అతను గిద్దలూరువాడు. మాట తక్కువ, పని ఎక్కువ. మిద్దెమీద సోలారు పలకలు పెట్టుకునే ఇంటివాళ్లకు సర్కారు రాయితీ ఇస్తుందని, మిగతాదానికి బ్యాంకు లోను ఉంటుందని చెప్పి, చోటు చూస్తానని చెప్పులు కింద విడిచి మెట్లెక్కాడు. మధ్యాహ్నం ఒంటిగంట. ఎక్కినంతసేపు పట్టలేదు దిగడానికి. వరండాలో కూలబడి అరికాళ్లు ఊదుకున్నాడు.

"పెద్దమ్మా, మీరు ఉండేది ఇంట్లో కాదు, పెనం కింద," అన్నాడు. "ఆ నల్లరాయి పొద్దంతా ఎండ తాగి ఇంట్లోకి దించతాంది. ముందు దాని సంగతి చూడండి, సోలారు తర్వాత."

ఎలీషబాకు ఒళ్లు మండిపోయింది. అతని అరికాళ్లకంటే ఎక్కువే మండి ఉంటుంది. ఆ మిద్దె దావీదు చేతులు చేసిన చివరి పని. పలక చల్లదనం గురించి తనకు లైన్‌మన్ పాఠం చెప్పడమా? మంచినీళ్లయితే ఇచ్చింది గానీ మొహం ముడుచుకునే ఇచ్చింది.

అయినా మనసులో పురుగు దొలుస్తూనే ఉంది. మర్నాడు రెండు పలక ముక్కలు తీసుకుని ఒకదానికి సున్నం పూసింది. రెంటినీ ఎండలో పక్కపక్కన పెట్టింది. పొద్దు నడినెత్తికి వచ్చాక పోయి చేతులు పెట్టింది. నల్లదాని మీద చెయ్యి నిలవలేదు. తెల్లదాని మీద చెయ్యి పెట్టి అట్లే కూర్చుంది. పిల్లలు తెల్లగా రాసుకోవాలని లక్షల నల్లపలకలు చేసిన మనిషికి, పలకను తెల్లగా చేస్తే ఎండ అంటదన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు. గంప గంపగా తానే మోసుకొచ్చి మొగుడి నెత్తిన ఆ మంట పెట్టానని ఏడ్చింది.

దావీదు మాత్రం తెల్లముక్కను తిప్పి తిప్పి చూసి నవ్వాడు. "కార్ఖానాలో నేల మీద రాయికి ఎండ యాడ తగిలిందే? నీడలో ఉంటే రాయైనా మనిషైనా చల్లంగనే ఉంటాది. ఇద్దరం కలిసే చేసినాం గదా, ఏడుపెందుకు?" అన్నాడు.

అంగట్లో సున్నం తెచ్చి డ్రమ్ములో నానబెట్టి, బంక కలిపి, తెల్లవారుజామున ఎక్కి మూడు పూతలు పూసింది ఎలీషబా. అయిన ఖర్చు కూలరు ధరలో పదో వంతు కూడా లేదు. రెండోరోజు మధ్యాహ్నం స్టూలెక్కి లోపలి కప్పుకు అరచెయ్యి ఆనించింది. చెయ్యి నిలిచింది.

నరసింహం మళ్లీ వస్తే ఈసారి మజ్జిగ ఇచ్చింది, అందులో అల్లం కూడా దంచి వేసింది. అతను ఆమె బైబిల్లోంచి పట్టా తీయించి, బ్యాంకు పుస్తకం, పాత బిల్లు చూసి తన ఫోనులోనే అర్జీ పెట్టాడు. బ్యాంకుకు రెండుసార్లు వెంట వచ్చాడు. గరగరలాడే పాత ఫ్యాను తీసేసి, సగం కరెంటుకూడా తాగని కొత్తరకం ఫ్యాను పెట్టించాడు. రెండు నెలలకు సోలారు బిగించేవాళ్లు వచ్చారు. సోలారు స్టాండు కాళ్లు దించే చోట్ల తప్ప దావీదు పరిచిన రాయి ఒక్కటి కూడా కదపడానికి వీల్లేదని ఆమె మెట్లమీదే కాపలా కూర్చుంది. రాయితీ ఖాతాలో పడిన రోజు ఆ మెసేజి నరసింహం చేత మూడుసార్లు చదివించుకుంది. బిల్లు సగానికి సగం తగ్గింది.

చర్చిలో ఆరాధన ముగిసే ముందు సాక్ష్యాలు చెప్పుకునే వేళ ఉంటుంది. ఎలీషబా ఎప్పుడూ లేచింది లేదు. ఆ ఆదివారం లేచింది. దేవునికి వందనాలు, నరసింహానికి వందనాలు, సున్నానికి వందనాలు అన్నది. కొందరు నవ్వారు. నవ్వనిచ్చింది. "మిమ్మల్ని కూడా నేనే చెడగొట్టినా. నన్ను చూసే గదా మీరూ నల్లరాయి పరిచినారు. ఇప్పుడూ నన్నే చూడండి, పోయి సున్నం కొట్టుకోండి," అన్నది. ఆ నలుగురూ తలలు వంచుకున్నారు. వారం తిరిగేసరికి ఆ మిద్దెలూ తెల్లగా అయ్యాయి. వాటిలో రెండింటికి ఆమే చీపురు పట్టి పూసింది.

మే నెల వచ్చింది. ఒక మిట్టమధ్యాహ్నం ఆమె గదిలో నేలమీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. మంచం లోపలే ఉంది. మిషను సన్నగా మోగుతోంది. రోడ్డుమీద లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది.

"ఎలీషబా, ఆ తలుపు వెయ్యి. దుమ్ము వస్తాంది," అన్నాడు దావీదు.

ఆమె లేచింది. ఇన్ని వేసవుల్లో ఆ మనిషి పగటిపూట తలుపు వెయ్యమనడం ఇదే మొదలు. తలుపు మూసింది. గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో పట్టి నెట్టింది. అది పడ్డాక తిరిగి చూస్తే దావీదు అప్పటికే సన్నగా గురకపెడుతూ నిద్రపోతున్నాడు.