సూర్యలంక తోవలో మా షడ్డకుడు

ఈ ఉదయం మా షడ్డకుడు నా ఫోనుకు ఒక ఫొటో పంపాడు. నల్లమల దారి పక్కన దుప్పుల మంద. అందులో ఒకటి తల తిప్పి నేరుగా అతని వైపే చూస్తోంది. కింద ఒక్క ముక్క: "అన్నా, మళ్ల కనబడ్డయి." వనపర్తిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని తాగుతున్న చాయ్ కాస్తా నాకు చేదయింది. షడ్డకుడంటే నా భార్య చెల్లెలి మొగుడు. గద్వాలలో విత్తనాల దుకాణం. ఒకే ఇంటి పిల్లలను చేసుకున్న ఇద్దరు మగవాళ్ళ మధ్య ఏ గొడవా లేకపోయినా సన్నటి సెగ ఒకటి ఉంటుందని మా వైపు పెద్దవాళ్ళు నవ్వుతూ అంటారు. నా సెగ కొంచెం పెద్దది.

దానికి కారణం ఆస్తీ కాదు, అతని కారూ కాదు. మా అత్తమ్మ. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. పెళ్ళయి కొల్లాపూర్‌లో అత్తగారింట్లో అడుగుపెట్టిన రోజు, పైకి అనలేదు గానీ, నాకూ ఒక అమ్మ దొరికిందనుకున్నాను. అయితే నేను బడిపంతులును. అత్తమ్మ ఏనాడూ బడికి పోలేదు, పంతులంటే ఆమెకు భయమూ భక్తీ. "సారుకు కుర్చీ ఎయ్యిండ్రి", "మీరు ఇంకింత పెట్టుకోండ్రి సారూ" అనేది. నేను మర్యాదగా కూర్చునేవాణ్ణి, మర్యాదగా తినేవాణ్ణి, మర్యాదగా బస్సెక్కి వచ్చేసేవాణ్ణి. కొన్నేళ్ళకు చిన్నల్లుడు వచ్చాడు. వచ్చిన రోజే తిన్నగా వంటింట్లోకి పోయి కూర గిన్నె మూత ఎత్తాడు. అత్తమ్మ గరిటెతో అతని చేతి మీద ఒక్కటి వేసి, "ఏంది బిడ్డా గా తొందర, పోయి చెయ్యి కడుక్కో పో" అంది. నా జీవితంలో నేను అసూయపడిన వస్తువులు చాలానే ఉన్నాయి గానీ, ఆ గరిటె దెబ్బకు సాటి వచ్చేది ఒక్కటీ లేదు.

ముసలితనంలో ఆమెకు సముద్రం చూడాలని బుద్ధి పుట్టింది. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, ఈ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయో ఒక్కసారి చూసి వస్తానంది. నేను బస్సులు, రైళ్ళు, సత్రాలు అన్నీ కనుక్కునేలోపే షడ్డకుడు కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. బాపట్ల పోదాం, సూర్యలంక ఒడ్డున తాబేలు పిల్లలను నీళ్ళలోకి వదిలే రోజులు ఇవే అన్నాడు. ముందు సీట్లో అత్తమ్మ, వెనక సీట్లో అక్కాచెల్లెళ్ళు, వాళ్ళ పక్కన సకినాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేను.

మన్ననూరు దాటగానే అడవి మొదలైంది. మాఘమాసం పొద్దు. మోదుగులు పూసి కొండవాలు ఎర్రగా ఉంది, ఆకు రాలిన చెట్ల మధ్య నుంచి చల్లగాలి వస్తోంది. బడి పిల్లలను ఎన్నోసార్లు ఈ దారిన తీసుకొచ్చాను, అడవి గురించి నాలుగు మాటలు చెబుదామని గొంతు సవరించుకున్నానో లేదో, షడ్డకుడు కారు నెమ్మది చేసి, "అత్తా, అగో, ఎడమ దిక్కు, దుప్పులు" అన్నాడు. అందరికీ కనిపించాయి. నేను మా ఆవిడ తల మీదుగా మెడ సాచేసరికి నాకు ఒక పొద కదలడం కనిపించింది. తర్వాత నెమలి. నాకు చెట్టు మాత్రమే. తర్వాత అడవిపందులు పిల్లలతో సహా రోడ్డు దాటాయట. నేను అప్పుడు కింద పడ్డ డబ్బా మూత వెతుకుతున్నాను. ప్రతిసారీ అత్తమ్మ చిన్నపిల్లలా అతని భుజం తట్టి, "నీ కండ్లు సల్లగుండ బిడ్డా" అనడం మాత్రం నాకు స్పష్టంగా కనిపించింది.

ఘాట్ మలుపులో నా ఓపిక అయిపోయింది. బండల మధ్య నల్లగా, బొచ్చుబొచ్చుగా ఏదో కూర్చుని ఉంది. "ఆపు, ఆపు, గుడ్డెలుగు" అన్నాను. షడ్డకుడు ఆపాడు. అందరం ఊపిరి బిగబట్టి చూశాం. ఎలుగుబంటి కదలలేదు. కాసేపటికి దాని నెత్తి మీద ఒక పిట్ట వచ్చి వాలింది. కాలిన చెట్టు మొద్దు. షడ్డకుడు స్టీరింగు మీద తల పెట్టి నవ్వాడు, అక్కాచెల్లెళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. అత్తమ్మ ఒక్కతే నవ్వలేదు. "ఎందుకు నగుతరు? సారు చెప్పిండంటే ఉంటది. మొద్దు ఎన్క పండుకుంది కావొచ్చు" అంది. ఆ నవ్వులకంటే ఆ మర్యాదే నన్ను ఎక్కువ కోసింది. అదే మాట షడ్డకుడు అని ఉంటే, నెత్తి మీద ఒక్కటి మొట్టేది కదా.

ఆ రాత్రి బాపట్లలో పడుకుని తెల్లవారుతుండగా సూర్యలంక చేరాం. అత్తమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది. తర్వాత మెల్లగా, "దీనికి అవతలి ఒడ్డు లేదా?" అంది. అటవీశాఖ వాళ్ళు బుట్టల్లో తెచ్చిన తాబేలు పిల్లలను ఇసుక మీద వదిలారు. అరచేతిలో సగం ఉండవు, నల్లటి బుడతలు, చిన్న రెక్కలతో ఇసుకను తోసుకుంటూ నీటి వైపు పోతున్నాయి. ఎవరూ ముట్టుకోవద్దని చెప్పారు. షడ్డకుడు ఫోను పట్టుకుని వాటి వెంట వెళ్ళిపోయాడు, ఆడవాళ్ళిద్దరూ అతని వెనకే. అత్తమ్మకు ఇసుకలో కాళ్ళు కుదరక నా చెయ్యి పట్టుకుని నిలబడింది.

మా ముందు ఒక పిల్ల నీటిదాకా పోయింది. అల వచ్చి దాన్ని వెనక్కి తోసి వెల్లకిలా పడేసింది. రెక్కలు గాలిలో కొట్టుకుంటున్నాయి. నేను ఉండబట్టలేక వంగి ఒక అడుగు వేశాను. వెనక నుంచి అత్తమ్మ నా చొక్కా పట్టి గుంజింది. "ఆగు. నీకు ఈత రాదు, ఏం రాదు, గా నీళ్లల్ల పడ్డవంటే నిన్ను ఏడ దేవులాడాలె? ఊకో బిడ్డా. ఇంకో అలొస్తది, దాన్ని అదే తీస్కపోతది."

నిజంగానే ఇంకో అల వచ్చింది. పిల్ల బోర్లా తిరిగి, నురుగులో కలిసిపోయింది. అత్తమ్మ నోరు తెరిచి అటే చూస్తోంది, తన నోటి నుంచి ఏం వచ్చిందో ఆమెకే తెలియదు. నేను మాత్రం తాబేలును చూడలేదు. షడ్డకుడు విన్నాడేమోనని చూశాను. అతను దూరంగా, మోకాళ్ళ మీద కూర్చుని ఫొటోలు తీసుకుంటున్నాడు. అతను వినకపోవడం నాకు పెద్ద నష్టంగా తోచింది. చాయ్ బండి దగ్గరికి రాగానే అత్తమ్మ, "సారూ, మీరు కూసోండ్రి" అని బల్ల చూపించింది.

ఆమె పోయి ఏడాది దాటింది. దినాల నాడు షడ్డకుడు వాకిట్లో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నాకు అలా ఏడవడం చేతకాదు, ఆ ఏడుపు మీద కూడా నాకు అసూయ కలిగింది. జనం పోయాక అతను నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. "అన్నా, ఒకటి అడుగుత. ఆనాడు సముద్రం కాడ అత్త నీ అంగి పట్టుకొని ఏదో చెప్పింది. దూరంకెల్లి చూసిన. నాతోని నగుతది, కొడ్తది గానీ, నా కోసం గట్ల భయపడింది ఎన్నడు చూడలే. నాకు మస్తు కుళ్లు పుట్టింది అన్నా. ఏం చెప్పింది?"

"ఏం లేదు. తాబేలు ముచ్చట" అన్నాను.

ఆమె ఉన్నన్నాళ్ళూ ఆమెను పంచుకోలేక ఇద్దరం లోలోపల కాలిపోయాం. ఇప్పుడు మా ఇద్దరికీ పంచుకోవడానికి మిగిలింది గడిచిపోయిన కాలం ఒక్కటే, అందులోనూ నా వాటా నేను దాచుకున్నాను.