చెట్టు కింద మనిషి

అచ్చాయమ్మ మా షాపుకి మొదటిసారి వచ్చినప్పుడు ఎడమ చెయ్యి మెడకి కట్టిన గుడ్డలో ఉంది. కుడి చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఆసుపత్రి కాగితాలు. ముక్తేశ్వరం సెంటర్లో నాది జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. పెన్షనుకనీ, రేషను కార్డుకనీ, స్కాలర్‌షిప్పుకనీ రోజూ యాభై మంది దాకా వస్తారు. అందరూ అడిగేది ఒకటే: "ఇది మాకు వస్తుందాండీ?" ఆవిడ అలా అడగలేదు.

"ఇది నాకెందుకు రాదో కనుక్కోవాలండీ" అంది.

మూడేళ్ళ కిందటి మాట. అప్పటికి ఆవిడకి నలభై నాలుగేళ్ళు. భర్త సుందరరావు కొబ్బరి దింపు తీస్తాడు. కాళ్ళకి తాడు బంధం వేసుకుని చెట్టెక్కి, ముదిరిన గెలలు నరికి కిందికి వదులుతాడు. ఈవిడ ఆ కాయలు ఏరి, బోదె కాలువ దాటించి, గట్టు మీద రాశి పోస్తుంది. పెళ్ళయిన రెండో ఏటి నుంచీ ఇద్దరిదీ ఒకే చెట్టు దగ్గర పని. ఆయన పైన, ఆవిడ కింద.

ఆ జూన్‌లో బుచ్చిరాజు గారి తోటలో దింపు జరుగుతోంది. గెల నరికే ముందు సుందరరావు ఎప్పుడూ కేకేస్తాడు. ఆ రోజూ వేశాడు. ఆవిడ పక్కకి తప్పుకుంది కూడా. కానీ పడుతున్న గెల ఎండు మట్టకి తగిలి విడిపోయింది. ఒక కాయ అడ్డంగా ఎగిరొచ్చి ఆవిడ ఎడమ భుజం మీద పడింది. జానెడు ఇటు పడి ఉంటే తల.

ఎముక రెండు ముక్కలైంది. ప్రభుత్వం ఇచ్చిన ఆరోగ్య కార్డు మీద ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. దానికి పైసా ఖర్చు కాలేదు. అయితే నాలుగు నెలలు బరువు ఎత్తకూడదన్నారు. ఆ నాలుగు నెలల కూలి ఏ కార్డులోనూ లేదు. సుందరరావు రెండు రోజులు అన్నం ముట్టలేదు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ "నా చేత్తో నేనే కొట్టేనండీ" అని చెప్పుకునేవాడు. ఎముక విరిగిన నొప్పి కంటే ఆ మాట వినడమే తనకి కష్టమైందని ఆవిడ తర్వాత నాతో చెప్పింది.

సుందరరావుకి మాత్రం దింపు కార్మికుల బీమా ఉంది. ప్రీమియంలో ముప్పావు వంతు ప్రభుత్వం కడుతుంది, మిగతా పావు వంతు కార్మికుడు కట్టుకోవాలి. చెట్టు మీంచి పడితే వైద్యం ఖర్చుతో పాటు, పని చెయ్యలేని వారాలకి భత్యం కూడా ఇస్తారు. ఆసుపత్రి కాగితాలతో పాటు ఆవిడ తెచ్చింది ఆ పాలసీ కాగితమే. నేను చదివి చెప్పాను.

"ఇది ఎక్కేవాళ్ళకేనండీ. కింద పనిచేసేవాళ్ళకి వర్తించదు."

"ఎంచేతండీ?"

"ప్రమాదం ఎక్కేవాళ్ళకే అని రాసేరు."

ఆవిడ ఆ కాగితం నా వైపు తిప్పింది. "చెట్టు మీదున్నోడి మీద కాయ పడదు కదండీ. కిందున్నోళ్ళ మీదే పడుద్ది" అంది.

పక్క కుర్చీలో బీమా ఏజెంటు శ్యామ్ బాబు ఉన్నాడు. మంచి కుర్రాడే. ప్రైవేటు పాలసీ ఒకటి ఉందనీ, కుటుంబమంతటికీ వర్తిస్తుందనీ చెప్పి, వయసులు అడిగి ఫోన్లో లెక్క వేశాడు. ఏడాదికి ముప్పై వేల చిల్లర తేలింది.

"ఏడాదికా అండీ, ఒక్కసారికా?"

"ఏడాదికేనమ్మా. ఏటా కొంచెం పెరుగుద్ది కూడా."

"అంత కట్టగలిగినదాన్నయితే చెట్టు కింద ఎందుకు నిలబడతాను బాబూ" అని, కాగితాలు సంచిలో పెట్టుకుని బస్సెక్కి అమలాపురం వెళ్ళింది.

అక్కడ ఆ బీమా చూసే ఆఫీసులో కుర్చీలో ఉన్న ఆయన కసిరే రకం కాదట. ఆవిడ చెప్పిందంతా విన్నాడు. "రూలు నేను రాయలేదమ్మా. వృత్తి అన్నచోట చెట్టెక్కేవారు అని ఉండాలి. మీరూ ఎక్కడం నేర్చుకుంటే మీకూ ఇస్తాం" అన్నాడు. ఆయన అది నవ్వుతూనే అన్నాడు. ఆవిడ నవ్వలేదు. ఎక్కడ నేర్పుతారని అడిగింది. యంత్రంతో చెట్టెక్కడం ఆరు రోజులు నేర్పే శిక్షణ ఒకటుందని తెలుసుకుంది. ఆడవాళ్ళని చేర్చుకోకూడదని ఏ కాగితంలోనైనా ఉందా అని అడిగింది. లేదన్నారు.

ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు సుందరరావు కేకలేశాడు. "భుజంలో ఇనప ముక్క పెట్టుకుని చెట్టెక్కుతావా? ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నీ మొహం పైన ఉంటుంది కదా, ఎవరికీ కనపడదులే. కిందున్నది నేను" అందట ఆవిడ.

ఎముక అతికిందని డాక్టరు చెప్పాక మరో రెండు నెలలు ఆగి శిక్షణలో చేరింది. ఇరవై మందిలో ఆడమనిషి ఆవిడొక్కతే. భర్త పాత ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని వెళ్ళింది. యంత్రమంటే మరేమీ లేదు, రెండు ఇనప చట్రాలు. ఒక్కో కాలికి ఒకటి. చెట్టు చుట్టూ ఇనప తీగ తాడు బిగుసుకుంటుంది. ఒకదాని మీద బరువు వేసి, రెండోదాన్ని పైకి జరుపుకోవాలి. మొదటి రోజు రెండు నిలువుల ఎత్తు ఎక్కేసరికి ఆవిడ కాలు తప్పు పడింది. కిందికి చూసింది. కింద నిలబడ్డ మగాళ్ళు ఫోన్లలో వీడియో తీస్తున్నారు. ఆ వీడియో ఆ సాయంత్రానికే నాదాకా వచ్చింది. వీడియో కింద ఎవరో నవ్వుతూ పెట్టిన మాటలు కూడా ఉన్నాయి. అవి ఇక్కడ రాయను. మర్నాడు షాపుకొస్తే దాచడం ఎందుకని చూపించాను. మొత్తం చూసి, "నా కాలు ఎక్కడ తప్పు పడిందో ఇందులో బాగా కనబడుతుందండీ. మళ్ళీ ఒకసారి వెయ్యండి" అంది.

నాలుగో రోజు చెట్టు తల మీది మొవ్వు దాకా ఎక్కింది. ఆరో రోజు గెల నరికింది.

దరఖాస్తు నేనే నింపాను. వృత్తి: కొబ్బరి దింపు. ఆఫీసువాళ్ళు ఇంకో కాగితం అడిగారు. ఈవిడ నిజంగా దింపు తీస్తోందని తోట యజమాని రాసివ్వాలి. ఆవిడ బుచ్చిరాజు గారి దగ్గరకి వెళుతూ సాక్ష్యానికి నన్ను కూడా రమ్మంది.

బుచ్చిరాజు గారికి పన్నెండెకరాల తోట. చెడ్డ మనిషి కాదు. ఆవిడకి దెబ్బ తగిలిన రోజు కారు తీసి ఆసుపత్రికి పంపింది ఆయనే. అరుగు మీద కూర్చుని కాగితం చదివి పక్కన పెట్టారు.

"నేను సంతకం పెట్టి, రేపు నువ్వు పడిపోతే జనం నన్నే అంటారు అచ్చాయమ్మా. ఆడదాన్ని చెట్టెక్కించేడంటారు."

"మొన్న కాయ పడ్డప్పుడు ఆడదాన్ని చెట్టు కింద నిలబెట్టేడని ఎవరూ అనలేదు కదండీ."

"అదీ ఇదీ ఒకటా?"

"విరిగిన ఎముక ఒకటేనండీ." ఆవిడ గొంతు పెంచలేదు. "నేను ఎక్కనని మీరనుకుంటే ఆ సంతకం అబద్ధం అవుద్ది. నేను ఎక్కుతాను, చూడండి. చూసింది రాయండి, అంతే."

శిక్షణలో ఇచ్చిన యంత్రం వెంట తెచ్చుకుంది. పెరట్లో ఉన్న పొడుగు చెట్టుకి బిగించింది. రాజు గారు వద్దంటూనే లేచి వచ్చారు. ఇంట్లో ఆడవాళ్ళు కిటికీల్లోకి వచ్చారు. గట్టు మీద సుందరరావు రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ మెల్లగా, మధ్యలో రెండుసార్లు ఆగి ఎక్కింది. పైనుంచి కేకేసింది. "రాజు గారూ, మీరు పక్కకి తప్పుకోవాలండీ. మీకు బీమా లేదు."

ఒక్క గెల నరికి దిగింది. రాజు గారు సంతకం పెట్టారు.

ఆవిడ పేరు మీద కార్డు వచ్చింది. తర్వాతి శిక్షణలో మరో నలుగురు ఆడవాళ్ళు చేరారు.

మరుసటి ఏడు అమలాపురంలో ఒక సమావేశం పెట్టారు. ప్రీమియంలో ప్రభుత్వ వాటా ముప్పావు నుంచి సగానికి తగ్గించాలన్న ఆలోచన ఉందట. కార్మికులూ రైతులూ వచ్చి అభిప్రాయం చెప్పమన్నారు. పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారి ఓపిగ్గానే వివరించారు. ప్రీమియం ఏటేటా పెరుగుతోంది. అది పన్ను కట్టేవాళ్ళ డబ్బు. కార్మికుడు సగం భరిస్తే, మిగిలిన దానితో ఇంకొంతమందిని చేర్చుకోవచ్చు. పైగా, దాదాపు ఉచితంగా వచ్చినదానికి విలువ తెలియడం లేదు, చాలామంది కార్డులు పెట్టెలో పడేసి మర్చిపోతున్నారు. అందులో నిజం లేకపోలేదు. మా షాపులోనే గడువు దాటిన కార్డులు ఎన్నో చూశాను.

బుచ్చిరాజు గారు రైతుల తరఫున లేచారు. "ధర ఉన్న ఏడాది అందరికీ మేం కనబడతాం. తెల్లదోమ పట్టిన ఏడాది ఎవరికీ కనబడం. ఆ తగ్గించిన వాటా తెచ్చి మా నెత్తిన మాత్రం పెట్టకండి" అని కూర్చున్నారు.

వెనక వరసలోంచి అచ్చాయమ్మ లేచింది. "నాదో మాటండీ."

"చెప్పమ్మా. త్వరగా."

"త్వరగా చెప్పడం రాదండీ. మీరు నిదానంగా వినండి."



"రాజు గారి తోటలో చెట్లకి బీమా ఉందండీ. గాలివానకి చెట్టు పడితే డబ్బొస్తుంది. ఆ ప్రీమియంలో ముప్పావు వంతు గవర్నమెంటే కడుతుంది. ఆ కాయితం ప్రభాకరరావు గారి షాపులో నా కళ్ళతో చూసేను. ఆ చెట్టుని ఎవరైనా అడిగేరా అండీ, నీకు విలువ తెలుసా, సగం నువ్వు కట్టుకుంటావా అని?"

నేను తల దించుకున్నాను. ఒకరి కాగితం ఇంకొకరికి కనబడేలా బల్ల మీద వదిలెయ్యడం నా తప్పే. హాల్లో నవ్వులు లేచాయి.

"నవ్వకండి. నవ్వించడానికి చెప్పట్లేదు" అంది ఆవిడ. "చెట్టుకిచ్చేది తీసెయ్యమనట్లేదు నేను. చెట్టుంటేనే మేం ఉంటాం. పన్ను కట్టేవాళ్ళ డబ్బన్నారు. నేను కొన్న సబ్బు మీద కట్టేను, ఫోను రీచార్జి మీద కట్టేను. ఆ డబ్బులో నాదీ ఉంది. కార్డు పెట్టెలో పడేసేరన్నారు. చదవడం రానోళ్ళకి కార్డిచ్చి, ఎలా వాడాలో ఒక్కరైనా వచ్చి చెప్పేరా? ఇంకొంతమందిని చేర్చుకుంటామన్నారు. చెట్టు కింద కాయలేరేవాళ్ళని చేర్చుకుంటారా, ఇక్కడే చెప్పండి. చేర్చుకుంటామంటే సగం నేను కడతాను. లేదంటే ఈ లెక్క మాకు ఒప్పుదల కాదండీ."

అధికారి రాసుకున్నారు. పైకి తెలియజేస్తామన్నారు.

ఆ ఏడాది వాటా మారలేదు. ఆవిడకి మాత్రం నష్టం జరిగింది. బుచ్చిరాజు గారు వరసగా రెండు దింపులకి ఆ మొగుడూ పెళ్ళాల్ని పిలవలేదు. నన్ను దారిలో ఆపి, "నా కాయితాలు ఊరికి చదివి వినిపిస్తున్నావేంటయ్యా" అన్నారు. క్షమించమన్నాను. ఆ నెలల్లో వాళ్ళిద్దరూ పొద్దున్నే గోదావరి దాటి అవతలి ఒడ్డు తోటల్లో పని వెతుక్కున్నారు. సుందరరావు ఒకసారి నా దగ్గర వాపోయాడు. "ఆ మాట అనకపోతే ఏం పోయేదండీ?" ఆవిడ పక్కనే ఉంది. "అనకపోతే నాకు నిద్ర పోయేది" అంది.

మూడో దింపుకి మనుషులు దొరక్క రాజు గారు కబురు పెట్టారు. ఆవిడ వెళ్ళి తన షరతు చెప్పింది. వరసలో చెట్లన్నీ దింపే దాకా కింద మనుషులెవరూ ఉండరు, గట్టు మీదే కూర్చుంటారు. గెలలన్నీ పడ్డాక దిగి ఏరతారు. ఆ కూర్చున్న సేపు కూడా కూలిలోకే వస్తుంది.

"కూర్చున్నందుకు కూలా?" అన్నారు రాజు గారు.

"ఆయ్. బతికున్నందుకండీ."

ఆయన గొణిగారు. రెండు రోజులు ఆలోచించారు. కాయ ముదిరి రాలిపోతుంటే ఒప్పుకున్నారు. ఇప్పుడు చుట్టుపక్కల తోటల్లో సగం వాటిలో అదే పద్ధతి. మిగతా సగంలో కాదు.

ఈ ఏడాది వాటా మారింది. కార్మికుడే సగం కట్టాలి. అచ్చాయమ్మ వచ్చి కట్టింది. రసీదు ఇస్తుంటే, "కట్టేనని ఒప్పుకున్నట్టు కాదండీ. అది కూడా ఎక్కడైనా రాయడానికి చోటుందా?" అని అడిగింది. ఆ ఫారంలో లేదన్నాను. అయితే తెల్ల కాగితం తియ్యమంది.

ఆ కాగితం మీద, కాయలేరే ఆడవాళ్ళని కూడా బీమాలో చేర్చాలని అర్జీ రాశాం. అరవై మూడు మంది పేర్లు, సంతకాలు, వేలిముద్రలు. అంతకు ముందు పోస్టులో పంపిన రెండు అర్జీలకీ ఒకటే జవాబు వచ్చింది, పరిశీలనలో ఉందని. ఈసారి పోస్టు చెయ్యొద్దంది. పంతొమ్మిది మందిని వెంటేసుకుని పొద్దున్న బస్సుకే అమలాపురం వెళ్ళింది. అర్జీకి నంబరు వేసి, ఎప్పటిలోగా జవాబిస్తారో రాసిచ్చేదాకా కదలమని వరండాలో కూర్చున్నారు. అన్నం క్యారియర్లు తెచ్చుకున్నారు. మధ్యాహ్నం లోపలి నుంచి ఒక గుమాస్తా వచ్చి, ఇంతమంది ఎందుకమ్మా, ఒక్కరుండి మిగతావాళ్ళు వెళ్ళండి అన్నాడు. ఎవరూ లేవలేదు.

నాలుగున్నరకి నంబరు వేసి ఇచ్చారు. తేదీ కూడా రాశారు. ఆ తేదీ వచ్చే నెల పదిహేను. ఆ రోజుకి దింపు పెట్టుకోవద్దని అచ్చాయమ్మ తోటల వాళ్ళందరికీ ఇప్పటి నుంచే చెబుతోంది.