రేడియో అయ్యగారికి మా అత్తయ్య ఇచ్చిన ప్రార్థన మనవి

ఆస్ట్రేలియాలో, డార్విన్‌లోని మా ఇంట్లో కాఫీ కన్నా ముందు రేడియో అయ్యగారు లేచేవాడు. ఆ పేరు మా అత్తయ్య పెట్టింది. నిజానికి ఆయన పాస్టరు కాదు. మొదట్లో ఊరూరూ తిరిగి ప్రార్థన కూటాల్లో మాట్లాడేవాడట. తర్వాత ఒక చిన్న స్టేషన్ వాళ్లు పొద్దున్న వార్తలయ్యాక కాసేపు మాట్లాడుకోమని చోటిచ్చారు. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో కుటుంబ ప్రార్థన గురించీ, అమ్మానాన్నల్ని గౌరవించడం గురించీ చెప్పేవాడు. నాకూ బాగుండేది. పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నట్టుండేది ఆ గొంతు.

పోనుపోను అదే గొంతులో కోపం చేరింది. విడాకులు తీసుకున్నవాళ్లు, సమ్మె చేసేవాళ్లు, బడిలో టీచర్లు, ఆసియా నుంచి బోట్లలో వచ్చేవాళ్లు, ఇలా రోజుకొకరిని పట్టుకునేవాడు. తిట్టే కొద్దీ ఫోన్లు పెరిగాయి, ఫోన్లు పెరిగే కొద్దీ ఆయనకిచ్చే టైమూ పెరిగింది. పేపర్లో ఆయన్ని మెచ్చుకుంటూ కొందరు రాసేవాళ్లు, ఆపెయ్యమని కొందరు రాసేవాళ్లు.

"మనల్ని కాదులే అనేది. మనం విమానంలో వచ్చాం కదా," అనేవాడు మా ఆయన. హాస్పిటల్లో పేషెంట్ల ట్రాలీలు తోసే ఉద్యోగం ఆయనది. అక్కడ పెద్ద నర్సులు ఎవరేమన్నా నవ్వి ఊరుకోవడం అలవాటైపోయింది.

అత్తయ్య భీమవరం దగ్గర్నుంచి మా పాపని చూడ్డానికి వచ్చింది. చిన్నప్పుడు మిషను హాస్టల్లో చదివింది కాబట్టి ఇంగ్లీషు సగం అర్థమయ్యేది, మిగతా సగం ఆ గొంతే చెప్పేదనుకుంటా. ఆవిడ వచ్చిన కొన్నాళ్లకే నాకు నర్సింగ్ అసిస్టెంట్ ట్రైనింగులో సీటొచ్చింది. ఇంటర్ సగంలో ఆపేసిన నాకు అదెంత గొప్పో చెప్పలేను. క్లాసులు మానితే సీటు తీసేస్తామని మొదటిరోజే చెప్పారు. పాపకి ఇంకా రెండేళ్లు నిండలేదు. దాని వెనక పరిగెత్తడం అత్తయ్య మోకాళ్ల వల్ల కాదు. చైల్డ్‌కేర్‌లో వేశాం.

"నీళ్లు కూడా అడగలేని పిల్లని పరాయివాళ్ల దగ్గర పడేస్తావా?" అంది అత్తయ్య.

"అడుగుతోంది అత్తయ్యా, ఇంగ్లీషులో అడుగుతోంది," అన్నాను. అది తప్పు జవాబు.

అత్తయ్య వాళ్ల ఊళ్లో శుక్రవారం ఆడవాళ్లంతా ఒకరింట్లో ప్రార్థనకి కూడేవాళ్లు. ఎవరి బాధ వాళ్లు దాచకుండా చెప్పుకోవాలి. మొగుడు తాగుతున్నాడనీ, కూతురు కాపురానికి వెళ్లనంటోందనీ, పేర్లతో సహా. విన్నవాళ్లంతా మోకాళ్లూని ప్రార్థన చేస్తారు. తర్వాత టీ తాగి లేస్తారు. చెప్పినావిడ ముందు మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తరు. అది పద్ధతి. రేడియోలో కూడా అంతే అనుకుంది ఆవిడ. మా చర్చి సంఘపెద్ద అంకుల్‌ని పిలిచి, ఆయన చేత స్టేషనుకి ఫోన్ చేయించింది. మా కోడలు బిడ్డని రోజూ వదిలేసి పోతోంది, కోడలి మనసు మారేలా ప్రార్థన చెయ్యండి అని. అంకుల్ మర్యాదస్తుడు. స్టేషన్ వాళ్లు అడగ్గానే మేముండే పేటా, మా ఆయన హాస్పిటల్ ఉద్యోగమూ కూడా చెప్పేశాడు.

నాకివేవీ తెలియవు. మర్నాడు పాపకి అన్నం తినిపిస్తున్నాను. అత్తయ్య తలమీద కొంగేసుకుని రేడియో ముందు కళ్లు మూసుకుని కూర్చుంది. మన ఊళ్లో ఒక ఇండియన్ నాయనమ్మ ఏడుస్తోందన్నాడాయన. ఫలానా పేటలో, ఫలానా ఉద్యోగం చేసేవాడి భార్య జీతం మీద ఆశతో కన్నబిడ్డని అప్పగించేసిందన్నాడు. నా చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది. తర్వాత ఫోన్లు. ఒకావిడ నాయనమ్మని మెచ్చుకుంది. ఒకాయన వీళ్లందర్నీ వెనక్కి పంపెయ్యాలన్నాడు. తర్వాత పాటేశారు.

అత్తయ్య కళ్లు తెరిచింది. "ప్రార్థన ఏదే?"

"చెయ్యలేదు."

"నా మనవి ఊరందరికీ చెప్పి, ప్రార్థన చెయ్యకుండా పోవడమేంటి?"

రేడియోకి చెప్పిందెవరో నాకప్పుడర్థమైంది. అరుద్దామనుకున్నాను. కానీ ఆవిడ కొంగు తీయకుండా, పాటయ్యాకైనా ప్రార్థన వస్తుందేమోనని రేడియో వంకే చూస్తోంది.

చైల్డ్‌కేర్‌కి ఎవరో ఫోన్ చేసి తిట్టారట. అక్కడి పెద్దావిడ మంచిగానే చెప్పింది, కానీ పాపని పంపుతూనే ఉంటారా అని రెండుసార్లు అడిగింది. చర్చిలో మా బెంచీలో మేము తప్ప ఎవరూ కూర్చోలేదు. హాస్పిటల్లో మా ఆయన్ని ఎవరేమన్నారో నాకు చెప్పలేదు గానీ, ఆ రోజు మాత్రం నవ్వుతూ రాలేదు.

"ఓ నెల మానెయ్. సద్దుమణిగాక వెళ్దువుగాని," అన్నాడు.

"నెల మానితే సీటుండదండీ."

"సీటు పోతే పోయింది. వార్డులో తలెత్తుకోవాల్సింది నేను కదా."

అత్తయ్య మళ్లీ అంకుల్ చేత ఫోన్ చేయించింది, మా మనవి వెనక్కి తీసుకున్నామని. ఆ నాయనమ్మని బెదిరించి నోరు మూయించారని చెప్పాడు రేడియో అయ్యగారు, ఎంతో బాధపడుతున్నట్టు. ఇంకో వారం నడిచింది మా సంగతి. ఆ వేడిలోనే వేరే ఊళ్ల స్టేషన్లు కూడా ఆయన మాటలు వేసుకోవడం మొదలుపెట్టాయి. తర్వాతెప్పుడో దక్షిణాన పెద్ద ఊరికి వెళ్లి ఇంకా పెద్దవాడయ్యాడని విన్నాను. మేము గుర్తుండి ఉండం.

సోమవారం పొద్దున్న పాపకి చెప్పులు తొడిగాను. మా ఆయన చూసి లోపలికెళ్లాడు. అత్తయ్య చీర మార్చుకుని వచ్చి, "పద, నేనూ వస్తాను," అంది. ఎందుకని అడిగే ధైర్యం లేకపోయింది. బస్సెక్కాం. వాన పట్టబోతోంది, ఒళ్లంతా ఉక్క.

చైల్డ్‌కేర్ గేటు దగ్గర పాప కోసం ఒక తెల్లమ్మాయి నిలబడింది. అత్తయ్య అక్కడే ఆగి, కొంగు తలమీదికి లాక్కుని, పాప నెత్తిన చెయ్యిపెట్టి, వాళ్ల ఊళ్లో అలవాటైన గొంతుతోనే మొదలుపెట్టింది.

"తండ్రీ, ఈ కోడలు నా మాట వినదు. నాకిష్టం లేదని నీకూ తెలుసు. నా మోకాళ్లు చూస్తే ఇలా ఉన్నాయి. ఈ అమ్మాయి చేతుల్లో పెడుతున్నాం. పాలు వేడి చూసి పట్టే బుద్ధి దీనికియ్యి."

తల్లులు కార్లాపి చూస్తున్నారు. ఆ అమ్మాయి గేటు పట్టుకుని అలాగే నిలబడింది.

"ఆమెన్ అనవేంటే? నీ క్లాసు పోతుంది."

అన్నాను. పాపని అందించి బస్సు కోసం పరిగెత్తాను.