లాక్లన్ ఇంగ్లీషులో చెప్పిన జవాబులు

పొద్దున ఎనిమిది కావొస్తోంది. వాన పైనుంచి పడట్లేదు, సముద్రం వైపునుంచి అడ్డంగా కొడుతోంది. ఫిన్లేకి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. తెల్లారి హడావిడిలో తిండి డబ్బా వంటింటి గట్టుమీదే మర్చిపోయి వచ్చాడు. రోడ్డుపని చేసేవాడికి అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి లేదు. పన్నెండు మైళ్లు పోతేగానీ ఎఫీ దుకాణం రాదు.

"ఏంట్రా, మొహం అట్టా వేలాడేశావ్?" అన్నాడు లాక్లన్, గుంతలోంచి తలెత్తకుండానే.

"ఏం లేదన్నా."

"ఏం లేకపోతే పార అంత నెమ్మదిగా పడదు. డబ్బా మర్చిపోయావా?"

ఫిన్లే తలూపాడు. లాక్లన్ నడుం పట్టుకుని మెల్లగా గుంతలోంచి బయటికొచ్చి, లారీలోంచి తన డబ్బా తెచ్చాడు. ఓట్ రొట్టెల మధ్య ఉప్పుచేప. సగానికి విరిచి పెద్దముక్క ఫిన్లే చేతిలో పెట్టాడు.

"తిను. మీ ఆవిడకి చెప్పన్లే. చెప్తే రేపట్నుంచి నీకు పెట్టడం నావంతు అంటుంది."

లాక్లన్ అంటే అదీ. పదిహేడేళ్లు ఒకే లారీలో తిరిగారు ఇద్దరూ. ఫిన్లేకి నలభై ఎనిమిది, లాక్లన్‌కి యాభై తొమ్మిది.

ఆ రోజు పాతుతున్నది ఊరిపేరు బోర్డు. పైన దీవివాళ్ల సొంతభాష గేలిక్‌లో, కింద ఇంగ్లీషులో. లూయిస్ దీవిలో ఆ ఏడాది వాళ్ల పని సగం అదే. రొట్టె నములుతుండగానే గొర్రెల వ్యాను ఒకటి వచ్చి ఆగింది. అద్దం దించి కెన్నీ మొదలెట్టాడు. వాడి టైరు ముందురోజే గుంతలో పడి పేలింది.

"రోడ్డంతా గుంతలు పెట్టుకుని బోర్డులు పాతుతున్నారా? ఎవడికి కావాలి ఈ గేలిక్? ఆస్పత్రిలో డాక్టరు లేడు, ఓడ వారంలో మూడ్రోజులు నడవదు, చచ్చిన భాషకి మాత్రం డబ్బులు పోస్తారు!"

తిట్టినంతసేపూ గేలిక్‌లోనే తిట్టాడు. ఒక్క ఇంగ్లీషు ముక్క దొర్లలేదు.

"అదే ఇంగ్లీషులో రాసి పంపు కెన్నీ, పేపర్లో వేస్తారు," అన్నాడు లాక్లన్.

"నీకేం, నవ్వుతావ్. జీతం వాళ్లిస్తున్నారుగా."

"ఇచ్చినన్నాళ్లు నవ్వుతా."

కెన్నీ వ్యాను పోయాక లాక్లన్ మళ్లీ గుంతలోకి దిగబోయి, సగంలో ఆగిపోయాడు. మొహం సున్నంలా తెల్లబడింది. ఫిన్లే చెయ్యిచ్చి పైకి లాగి, మిగతా గుంత తనే తవ్వాడు. ఆ నెలలో అట్టా జరగడం నాలుగోసారి.

ఆ ఏడాది దీవంతా అదే గొడవ. భాష బతికించడానికి ఇంకా డబ్బివ్వాలని ఒకళ్లు, ఇచ్చిందే దండగని ఇంకొకళ్లు. రేడియోలో అదే, చర్చి బయట అదే. ఎఫీ దుకాణంలో టీ తాగేచోట అయితే చెప్పక్కర్లేదు. అక్కడ నిలబడి గేలిక్ చచ్చిపోయిందని గేలిక్‌లో అరుచుకునేవాళ్లు.

"చచ్చిందంటారు, ఆ మాట మీరు ఏ భాషలో ఏడుస్తున్నారు?" అనేది ఎఫీ, కప్పులు కడుగుతూ. "నువ్వు చెప్పు లాక్లన్. నీ మాటేంటి?"

"టీ చల్లారిపోతోంది, అదీ నా మాట."

అందరూ నవ్వేవాళ్లు. లాక్లన్ అట్టాంటి వాటిల్లో తలదూర్చేవాడు కాదు. కానీ భాష ఎవరి దగ్గరన్నా నిండుగా ఉందంటే అది అతని దగ్గరే ఉందని అక్కడున్న అందరికీ తెలుసు. మిగతావాళ్లకి బీడంటే బీడే. లాక్లన్‌కి ప్రతి రాయికీ ఓ పేరుండేది. ఎర్రావు దిగబడ్డ మడుగు. మగ్గం దించుకున్న మలుపు. ముసలమ్మ వగర్చిన బండ. చిన్నప్పుడు ఎండాకాలం వాళ్లమ్మతో పశువుల్ని తోలుకుని కొండమీద పాకలకి పోయేవాడు. నడిచేటప్పుడు ఏడవకుండా ఉండడానికి ఆమె ఒక్కో చోటుకీ పేరూ, కథా చెప్పేది. ఫిన్లేకీ గేలిక్ వచ్చు, పుట్టింది అందులోనేగా. కానీ పదిపేర్లు చెప్పమంటే తొమ్మిదో పేరు దగ్గర నీళ్లు నమిలేవాడు.

లాక్లన్ పెళ్లి చేసుకోలేదు. తల్లి పదకొండేళ్లు మంచంలో ఉంటే ఆమెని చూసుకున్నాడు. ఆమె పోయేనాటికి పెళ్లివయసు కూడా పోయింది. "అడిగేటప్పటికి అందరూ అమ్మమ్మలైపోయారు," అనేవాడు. చదువు తక్కువ. బడిలో చేరిన రోజు టీచరమ్మని గేలిక్‌లో పలకరిస్తే ఆవిడ పలకలేదట. ఆవిడా దీవి మనిషే, ఆవిడ మాటా గేలిక్కే. అయినా ఇంగ్లీషు వచ్చేదాకా పిల్లాణ్ణి ఊరికే కూర్చోబెట్టింది.

అక్టోబరు ఆఖర్లో డాక్టరు కాగితం రాశాడు. బరువు ఎత్తకూడదు, వంగకూడదు. రోడ్డుపనిలో ఆ రెండూ తీసేస్తే మిగిలేది టీ తాగడమే. కొత్త సంవత్సరం దాకా ఉండనిస్తామన్నారు పైవాళ్లు. ఆ తర్వాత పని లేదు.

"ఏం చేస్తావన్నా?"

"సముద్రం అవతల గ్రీనక్‌లో చెల్లెలుంది. దాని మొగుడు గిడ్డంగి గేటు దగ్గర కాపలాకి మాట్లాడి పెడతానన్నాడు."

"ఇక్కడ ఇల్లుందిగా."

"ఉంది. ఇంటిని కొరుక్కు తింటామా?"

దీవి దాటి వారం రోజులు కూడా ఎక్కడా ఉండని మనిషి. ఆ మాట చెప్పినప్పుడు అతను సముద్రం వైపు చూడలేదు, బూటుకంటిన బురద గీక్కుంటూ కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎఫీ దుకాణం తలుపుమీద ఆ ప్రకటన అంటించారు. భాషా ట్రస్టుకి కొత్తగా డబ్బొచ్చింది. దీవిలో చోట్ల పేర్లన్నీ సేకరించి రాయించడానికి మూడేళ్లకి ఒక మనిషి కావాలి. తిరగాలి, ముసలాళ్లతో మాట్లాడాలి. గేలిక్ ధారాళంగా రావాలి. రాసిపెట్టడానికి వేరే మనిషి ఉంటాడు.

"ఇది నీకోసమే కుట్టిన చొక్కా," అంది ఎఫీ.

"నేనా? ఆఫీసులో కుర్చీమీదా? నోర్ముయ్యవే."

"నోరు నువ్వు తెరువు. అడిగింది చెప్పు, నేను రాస్తా." కౌంటరు మీదే దరఖాస్తు రాసింది. ఫిన్లే పక్కన నిలబడి సాక్షి సంతకం పెట్టాడు. ఆ ఉద్యోగం వస్తే లాక్లన్ ఇక్కడే ఉంటాడు. రాకపోతే గ్రీనక్. ముగ్గురికీ తెలుసు కాబట్టి ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

పిలుపొచ్చింది. మంచుకి రోడ్లమీద చల్లే ఉప్పు తెస్తానని పైవాళ్లకి చెప్పి, ఫిన్లే లారీలో అతన్ని దీవిలో పెద్ద ఊరైన స్టోర్నోవే తీసుకెళ్లాడు. లాక్లన్ చర్చికి వేసుకునే నల్లకోటు వేసుకున్నాడు. దారిపొడవునా రెండు పక్కలా పేర్లు చెప్తూనే ఉన్నాడు, అడక్కుండానే. అంత హుషారుగా ఫిన్లే అతన్ని చూసి చాలా ఏళ్లయింది.

ముప్పావుగంటకి బయటికొచ్చాడు.

"ఎట్టా జరిగింది?"

"మంచోళ్లు పాపం. బిస్కెట్లు కూడా పెట్టారు. ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు గేలిక్ వాళ్లు. మూడో ఆయన ఇన్వర్నెస్ నుంచి, ఆయనకి ఒక్క ముక్క రాదు."

"మరి?"

"ఆయనకి చెవిలో పెట్టుకునే గోళీ ఒకటిచ్చారు, పక్కగదిలో ఒకమ్మాయి ఇంగ్లీషులో చెప్తే అందులో వినపడుద్దంట. ఆయన తీస్తాడు, పెడతాడు, వేలితో కొడతాడు. చూళ్లేకపోయా. అందుకని ఇంగ్లీషులోనే చెప్పా."

ఫిన్లే లారీ తాళం తిప్పబోయి ఆగాడు. "ఏది ఇంగ్లీషులో చెప్పావ్?"

"అన్నీ."

"అన్నా, గేలిక్ వచ్చో లేదో చూడ్డానికేగా పిలిచింది!"

"వాళ్లిద్దరూ గేలిక్‌లోనే అడిగారు. మళ్లీ మళ్లీ అడిగారు. నేను ఆయనవైపు చూసి చెప్పా. ఎదురుగా ఒక మనిషి కూర్చునుంటే, ఆయనకి అర్థంకాని మాటలు మాట్లాడమంటావా? మా అమ్మ చెవి మెలిపెట్టేది."

ఫిన్లే తాళం తిప్పాడు. తనైనా అంతే చేసేవాడు. తన ఇంట్లోనూ అంతే. ఇంగ్లండు నుంచొచ్చిన పొరుగావిడ పాలకోసం గుమ్మంలో అడుగుపెడితే, భార్యాభర్తలు నోట్లో ఉన్న మాట ఉన్నట్టే ఇంగ్లీషులోకి తిప్పేసేవాళ్లు. ఎవరూ చెప్పక్కర్లేదు. తలుపు తెరుచుకోగానే టోపీ తీసినట్టు జరిగిపోద్ది.

ఉత్తరం రెండు వారాలకొచ్చింది. రెండు భాషల్లోనూ రాశారు. ఎఫీ పైకి చదివింది. "అనుభవం ఎంతో విలువైనదే అయినా, ముఖాముఖిలో గేలిక్ ధారాళంగా మాట్లాడగలనని మీరు చూపలేకపోయారు." చదివి ఇంకోసారి చదివింది. తర్వాత కౌంటరు మీద కొట్టింది.

"లాక్లన్‌కి గేలిక్ రాదా! ఓరి దేవుడా! వెళ్లి చెప్పు. నేనూ వస్తా."

"ఏం చెప్పాలి? మర్యాద చేశాను, ఉద్యోగమివ్వండి అనా?"

"శనివారం హాల్లో మీటింగుంది. ట్రస్టువాళ్లే వస్తున్నారు. లేచి గేలిక్‌లో నాలుగు మాటలు మాట్లాడు చాలు. వాళ్ల కళ్లు తెరుచుకుంటాయి."

ఆమె పోరు పడలేక వచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి హాలు నిండిపోయింది. మొదట అంతా గేలిక్‌లోనే సాగింది. కెన్నీ లేచి డబ్బు దండగన్నాడు, ఎదురు చెప్పేవాళ్లు చెప్పారు, అరుపులు, నవ్వులు. ఎఫీ మోచేత్తో పొడిస్తే లాక్లన్ సగం లేచాడు. అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. పాత బడి కొనుక్కుని ఉంటున్న ఇంగ్లీషు జంట, తడిసి ముద్దై, "ఆలస్యమైంది, క్షమించండి" అంటూ గోడపక్కన నిలబడ్డారు. వేదికమీద ట్రస్టు పెద్దావిడ వాక్యం మధ్యలోనే ఇంగ్లీషులోకి తిరిగింది. కెన్నీ ఇంగ్లీషులో జవాబిచ్చాడు. హాలంతా తిరిగిపోయింది. గేలిక్‌ని ఎట్టా బతికించాలా అని గంటన్నర ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు.

లాక్లన్ మెల్లగా కూర్చున్నాడు. ఫిన్లే వైపు చూసి ఒక్కసారి నవ్వాడు. వెక్కిరింపు కాదది. చాలా అలిసిపోయినవాడి నవ్వు.

ఉద్యోగం రోరీ అనే గ్లాస్గో కుర్రాడికొచ్చింది. పాతికేళ్లు దాటినవాడు, యూనివర్సిటీలో గేలిక్ నేర్చుకున్నాడు. మర్యాదస్తుడు, వంక పెట్టడానికి లేదు. దీవికొచ్చిన మొదటి వారంలోనే పేర్లు ఎవరికి తెలుసని వాకబు చేస్తే, అడిగిన ప్రతి ఇంట్లోనూ లాక్లన్ దగ్గరికే పొమ్మన్నారు. డిసెంబర్లో నాలుగు శనివారాలు లాక్లన్ వాణ్ణి వెంటబెట్టుకుని, నడుంనొప్పితో, కర్ర ఊతంగా, బీడంతా తిప్పాడు. ఒక్క పేరు దాచలేదు.

ఫిన్లేకి ఒళ్లు మండింది. "నీ ఉద్యోగం వాడు చేస్తుంటే, ఆ పని కూడా నువ్వే చేసిపెడుతున్నావా?"

"ఇంటికొచ్చి అడిగాడ్రా. పో అంటామా?"

"ఏ భాషలో చెప్పావ్? ఇంగ్లీషులోనా?"

"గేలిక్‌లోనే. ఇంగ్లీషులోకి తిప్పితే వాడు నొచ్చుకుంటాడు. కష్టపడి నేర్చుకున్నాడుగా." కర్రమీద ఆనుకుని అన్నాడు, "ముసలమ్మ వగర్చిన బండ దగ్గర వాడికీ ఆయాసమొచ్చింది. కూర్చోబెట్టా."

కొత్త సంవత్సరానికి ముందు శుక్రవారం లాక్లన్ పార కడిగి, ఎండేలా లారీ వెనక ఆనించి, రోజూ లాగే "సరేరా" అని వెళ్లిపోయాడు. ఫిన్లే ఇంట్లో కేకు చేయించాడు, వీడ్కోలు అనుకుని కాదు, ఊరికే. జనవరి ఒకటిన తీసుకెళ్తే తలుపు తియ్యలేదు. పొగగొట్టంలోంచి పొగ మాత్రం వస్తోంది. ఫిన్లే కేకు గుమ్మంలో పెట్టి వచ్చేశాడు.

రెండో వారంలో మంచు పట్టిన మంగళవారం, ఒంటివరస రోడ్డుమీద కాలవ పని. ఒకవైపు "ఆగు", ఇంకోవైపు "పో" అని రాసున్న బోర్డు తిప్పడం ఫిన్లే పని. పొద్దున ఏడున్నరకి ఓడకి పోయే బస్సు వచ్చి అతని ఎదురుగా ఆగింది. మూడో కిటికీలో నల్లకోటు. పక్కసీట్లో తాడుతో కట్టిన పెట్టె.

ఫిన్లే బోర్డు "ఆగు" వైపు పట్టుకునే ఉన్నాడు. అవతలనుంచి రావలసిన బండ్లన్నీ వచ్చేశాయి. రోడ్డు ఖాళీ. అయినా తిప్పలేదు. అద్దం దించుతాడేమో, ఏదన్నా అంటాడేమో అని చూశాడు. తనన్నా ఏదన్నా అనాలి. నోట్లో గేలిక్ నిండా ఉంది, ఇంగ్లీషూ ఉంది.

లాక్లన్ ముందుకే చూస్తున్నాడు. బస్సు డ్రైవరు హారన్ మోగించి, గడియారం చూపించాడు. ఓడ ఆగదు.

ఫిన్లే బోర్డు తిప్పాడు. బస్సు దాటుతుంటే లాక్లన్ ఒళ్లోంచి చూపుడువేలు కాస్త పైకెత్తాడు, దీవిలో ఎదురుబండి వాళ్లకి ఎత్తినట్టే. 

వెనక నాలుగు కార్లున్నాయి. ఒక్కొక్కటే వదిలాడు.