పడుగు జాగలో లారీల అడ్డా

మా వాడకు వీధి దీపం వద్దని అర్జీ పెట్టించింది నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు తేలిక. అక్షరాలు కూడబలుక్కోవడం నాకు ముసలితనంలో వచ్చింది, అప్పట్లో అదీ లేదు. ఇప్పుడు నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నా మాటల్లో గరుకుగా ఉన్నవి కొన్ని నున్నగా చేస్తోంది. చేసుకోనీ.

మాది వరంగల్‌లో నేతపని వాళ్ల వాడ. డెబ్భైల చివర్లో నా పెనిమిటి పోయాడు. ఆయన వెనకే మగ్గం కూడా పోయింది, అమ్ముకోక తప్పలేదు. మగ్గం లేని ఆడదానికి మా దగ్గర మిగిలేది పడుగు పని. బట్టకు నిలువునా ఉండే పోగులను పడుగు అంటాం. మగ్గానికి ఎక్కించే ముందు ఆ పోగులన్నిటినీ ఆరుబయట బారుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. ఇళ్లల్లో అంత చోటు ఎక్కడిది? వాడ వెనక మున్సిపాలిటీ వాళ్ల జాగ ఒకటి పొడుగ్గా పడి ఉండేది. రెండు కొసలా గుంజలు పాతి, మా తాతల నాటి నుంచీ అక్కడే పడుగు పట్టేవాళ్లు. కందిళ్లు పెట్టుకుని తెల్లవారక ముందే మొదలుపెట్టి, ఎండ చురుక్కుమనే లోపల ముగించాలి. ఎండెక్కితే గంజి గబుక్కున ఆరిపోయి పోగులు పటపటా తెగుతాయి. తెగిన పోగు వెతికి ముడివేయడం నా పని.

ఆ జాగ నాకు కూలి ఒక్కటే కాదు. పొద్దున్నే మొగుడు పోయినది ఎదురైతే వెనక్కి తిరిగి, ఇంట్లోకి వెళ్లి ఇన్ని నీళ్లు తాగి బయలుదేరేవాళ్లు మా వాడలోనే ఉన్నారు. నన్ను చూసి అలా తిరిగినవాళ్లున్నారు. ఆ మనుషులే పడుగు దగ్గర మాత్రం, "వదినే, ఈడ తెగింది, జర ఇటు రా" అని పిలిచేవాళ్లు. పోగు తెగినప్పుడు ముడి ఎవరి చేతిదని ఎవరూ చూడరు. రోజు మొత్తంలో నేను అందరిలాంటి మనిషినైంది ఆ రెండు మూడు గంటలే.

ఎనభైలు మొదలైన కొత్తలో మున్సిపాలిటీ వాళ్లు గల్లీ గల్లీకి దీపం స్తంభాలు వేస్తామన్నారు. ఇంటి పన్నుతోపాటు దీపాల ఫీజు కూడా కట్టాలన్నారు. మా వాడకు పెద్ద దిక్కైన ముసలాయన ఒకాయన ఉండేవాడు. అందరం మామ అనేవాళ్లం. ఒక సాయంత్రం ఆయన అరుగు మీద చేరాం.

"చీకటి పడంగనే తిని పండుకునేటోళ్లం. మనకు దీపమెందుకు?" అన్నాడు మామ.

"దీపమేస్తే పైసలడుగుతరు, చీకటైతే ఫుకట్ల అస్తది. నాకు చీకటే మంచిగున్నది," అంది నా తోడికోడలు. అందరూ నవ్వారు.

అప్పుడు నాకు లేని తెలివి పుట్టింది. "ఊకె వద్దంటే ఇంటరా మామా? ఆ ఎన్క జాగల మనుషులే తిరగరని రాపిద్దాం. మనుషులు లేని కాడ దీపమెవడేస్తడు?"

"అమ్మో, నువ్వు వకీలువు కావాల్సినదానివే!" అన్నాడు మామ.

బియ్యం దుకాణంలో లెక్కలు రాసే గుమాస్తాతో రాయించాం. ఆయన మా మాటలను తన అందమైన రాతలో పెట్టాడు. ఆ స్థలం ఎవరికీ ఏ విధమైన ఉపయోగంలోనూ లేదని, అటు జనసంచారం లేదని రాశాడు. చదివి వినిపిస్తే మాకు ఎంతో బాగుందనిపించింది. నేను ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు వేయించాను. మొట్టమొదటిది నాదే. మరునాడు మళ్లీ కందిళ్లు పట్టుకుని అదే జాగకు పనికి పోయాం. ఒక్కరికి కూడా ఆ కాగితం, ఈ పని ఒకదానికొకటి తగులుతాయని తోచలేదు. దీపం రాలేదు, ఫీజూ రాలేదు. గెలిచామనుకున్నాం.

ఏడాది తిరిగిందో లేదో, ఒక మిట్టమధ్యాహ్నం నేను నీళ్లకు పోతుంటే ఇద్దరు మనుషులు ఆ జాగలో గొలుసు పట్టి కొలుస్తున్నారు. సున్నంతో గీతలు గీస్తున్నారు.

"ఏం గొలుస్తాన్రు బిడ్డా?" అని అడిగాను.

"లారీల అడ్డా అస్తాంది పెద్దమ్మా. మిర్చి లారీలు నిలవడనీకి మార్కెట్ కాడ జాగ సాలుతలేదు."

"ఇది మా పడుగు జాగ గదా?"

జవాబిచ్చినతను చుట్టూ చూశాడు. "ఏదీ పడుగు? నువ్వు, మేమిద్దరం, గా మేక. ఇంకెవ్వలున్నరు? మీ వాడోళ్లే రాసిచ్చిన్రట గదా, ఎవ్వలికి పనికి రాదని. కాయితం ఫైల్ల భద్రంగున్నది."

బిందె నేల మీద పెట్టి కూర్చుండిపోయాను. ఆ మధ్యాహ్నం నుంచి నాకు అన్నం సయించలేదు. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. నా చేత్తో నేనే, పదిమంది వేళ్లు పట్టుకుని సిరాలో ముంచి, ఆ జాగను వదిలేసినట్టు రాయించాను. లారీలు వస్తే పడుగు ఎక్కడ పట్టాలి? నా ఒక్కదాని కూలి సంగతి కాదు, వాడలో మగ్గాలన్నీ ఆగుతాయి.

మూడోనాడు పడుగు దగ్గరే చెప్పాను. కుంచెలు ఆగాయి.

"ఓ వకీలమ్మా! ఇగ వాదించు పో!" అంది తోడికోడలు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇంకొకడు, "ఆడముండ మాట ఇంటే గిట్లనే ఉంటది," అన్నాడు.

మామ మాత్రం కుంచె దించలేదు. "ఏలిముద్ర ఎవ్వలికాల్లు పెట్టిన్రు. ఒక్కదాని మీదికి ఎక్కకున్రి. ముందుగాల ఈ గంజి ఆరకముందు దువ్వున్రి," అన్నాడు.

మా వార్డు కౌన్సిలరు నూలు వ్యాపారం చేసే ఆయన. ఆయన ఇంటికి పోయి మామా నేనూ సంగతంతా చెప్పాం. ఆయన తల పట్టుకున్నాడు. "గీ కాయితం ఉంటే నేనేం మాట్లాడాలె మామా? సరే, గురువారం మీటింగున్నది. దీపాల ఫీజు, ఈ జాగ, రెండూ ఆ దినమే. ఎన్క బెంచీల కూసోండ్రి. మాట్లాడనియ్యరు మల్ల, నోరు మూసుకొని ఇనాలె," అన్నాడు.

గురువారం మధ్యాహ్నం మున్సిపాలిటీ ఆఫీసుకు ఆరుగురం వెళ్లాం. పెద్ద హాలు, పైన ఫ్యాన్లు, మధ్యలో పొడుగు బల్ల. మొదట దీపాల ఫీజు మీద వాదన. బల్బు పోయిన వీధిలో కూడా ఫీజు వసూలు చేస్తే జనం తిడుతున్నారని ఒకాయన అన్నాడు. ఫీజు కట్టకపోతే బల్బు ఎక్కడ నుంచి వస్తుందని ఇంకొకాయన బల్ల గుద్దాడు. చాలాసేపు ఇలా సాగింది. టీలు వచ్చాయి.

తర్వాత మా జాగ వంతు వచ్చింది. మిల్లు ఉన్న ఒక లావుపాటి మెంబరు లేచాడు. "లారీలు రోడ్డు మీదనే పెడ్తాన్రు. నిన్నగాక మొన్న దవాఖానకు పోయే రిక్షా గంట సేపు ఆగింది. ఆ ఖాళీ జాగల పెట్టుకోనియ్యక ఇంకేం జేస్తరు?" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. ఆ ఆఫీసు గుమాస్తా మా అర్జీ తీసి చదివాడు. మేం రాయించిన ఆ అందమైన మాటలు ఆ హాలులో ఒక్కొక్కటే వినబడుతుంటే మామ తల దించుకున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. మాట్లాడకూడదని తెలుసు. నా గొంతు పుట్టుకతోనే బొంగురు, మెల్లగా అన్నా నాలుగిళ్లకు వినబడుతుంది. "అది తప్పు రాత సారూ!" అన్నాను. హాలంతా వెనక్కి తిరిగింది. కౌన్సిలరు కూర్చోమని చేత్తో సైగ చేశాడు. చైర్మన్ మాత్రం ఆయన్ని వారించాడు.

"ఇందుల నీ ఏలిముద్ర ఉన్నదా అమ్మా?"

"ఉన్నది సారూ. అన్నిట్లకన్న ముందలిది నాదే."

"మరి జనం తిరగరని రాసిన్రు?"

"దీపం ఫీజు తప్పించుకోనీకి రాపిచ్చినం సారూ. నేనే సెప్పి రాపిచ్చిన. తెల్లారకముందే మేమంత ఆడనే ఉంటం, కందిళ్లు పెట్టుకొని పడుగు పడ్తం. ఎండెక్కేసరికి లేసిపోతం. పగటీలి పోతే ఆడ మీకు మేకలే కనబడ్తయ్."

"అంటే చీకట్ల పని జేస్తరు, దీపం మాత్రం వద్దు!" అన్నాడు మిల్లు మెంబరు. అందరూ నవ్వారు.

"దీపం కావాలె సారూ. ఫీజు గూడ కడ్తం. జాగ మాత్రం తీసుకోకున్రి," అన్నాను. నా వెనక తోడికోడలు, "అయ్యో, ఫీజు గూడ ఒప్పుకున్నది," అని గొణిగింది.

చైర్మన్ మా అర్జీని మడిచి పక్కన పెట్టి, "రేపు పదకొండింటికి పోయి చూద్దాం," అన్నాడు.

"పదకొండింటికి ఏం జూస్తరు సారూ? కోడి కూసే యాళ్లకు రావాలె."

"మేమా? కోడి కూసే యాళ్లకా?" అన్నాడు మిల్లు ఆయన.

"రోజూ మేం అస్తలేమా?" అన్నాను. అప్పుడు చైర్మన్ కూడా నవ్వాడు.

వస్తారని నమ్మకం లేదు. మరునాడు పొద్దున పడుగు పట్టి గంజి పెడుతున్నాం. తూర్పు ఇంకా తెల్లబడలేదు. జీపు వచ్చి ఆగింది. శాలువా కప్పుకుని చైర్మన్, ఆయన వెనక మిల్లు మెంబరు, మా కౌన్సిలరు దిగారు. ఇటు పక్క పదిమంది, అటు పక్క పదిమంది, మధ్యలో తెల్లటి పడుగు. కుంచెల చప్పుడు తప్ప మాట లేదు.

అవతలి వైపు ఏముందో చూడాలని మిల్లు మెంబరు వంగి పడుగు కింద నుంచి దూరబోయాడు.

"ఆగున్రి సారూ!" అని మామ కేక పెట్టాడు. "సాగదీసిన పడుగును దాటొద్దు, కింది నుంచి దూరొద్దు. ఎంతటోడైనా చుట్టు తిరిగి రావాల్సిందే. అది మేం పెట్టింది గాదు, పడుగు పద్ధతే అంత."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. చైర్మన్ ముందర గొడవెందుకనుకున్నాడో ఏమో, పంచె ఎత్తిపట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. గంజి నీళ్లు కారి నేలంతా జారుడుగా ఉంది. ఆ కొస వరకు పోయి, గుంజను చుట్టి, ఇటు వచ్చేసరికి ఒగర్చుతున్నాడు. చెప్పు ఒకటి చేతిలో ఉంది.

"ఏం బావా, జాగ ఖాళీగున్నదా?" అని అడిగాడు చైర్మన్.

"ఏం ఖాళీ బావా! నా ఒక్క కాలు పెట్టనీకి సందు లేదు, లారీ యాడ పెడ్తరు?" అన్నాడాయన. మళ్లీ నా వైపు తిరిగి, "నీ గొంతుకు మైకెందుకు పెద్దమ్మా, నిన్న మా ఫ్యాన్లు ఆగినయ్," అన్నాడు. తోడికోడలు ఆయన కాళ్లకు నీళ్లు ఇచ్చింది.

అయినా ఆ పక్షం రోజులు నేను బతికిన బతుకు చెప్పలేను. చూసిపోయారు సరే, కాగితం మీద ఏం రాస్తారో ఎవరికి తెలుసు? రాత ఎంత పని చేస్తుందో ఒకసారి చూసినదాన్ని. కునుకు పడితే చాలు, సున్నం గీతలు కలలోకి వచ్చేవి.

తర్వాతి మీటింగు నాడు నేను పోలేదు, పోయే ధైర్యం లేకపోయింది. పొయ్యి మీద పప్పు పెట్టి గడపలో కూర్చున్నాను. ఎండ వాలకముందే మా కౌన్సిలరు సైకిలు మీద వచ్చి, దిగకుండానే అరిచాడు.

"జాగ పడుగుకే ఉంచిన్రు పెద్దమ్మా! రాసిన్రు, సంతకాలైనయ్, నేను చదివిన! లారీలు ఊరి బయటికి, మడికొండ దిక్కు. మీ వాడకు రెండు దీపాలు. ఫీజు మాత్రం అందరి లెక్క మీరూ కట్టాలె మల్ల!"

"గుంజలకు అడ్డం రాకుంట పక్కకు పాతుమను బిడ్డా స్తంభం," అన్నాను. నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

"అది గూడ రాసిన్రు," అని నవ్వి, మామ ఇంటి వైపు తొక్కాడు.

వాడలో ఒక్కొక్క మగ్గమే ఆగడం, ఒక్కొక్కరే బయటికి రావడం వినబడుతోంది. నేను లేచి వాళ్లలో కలుద్దామనుకున్నాను. ఒళ్లు లేవలేదు. గోడకు తల ఆనించాను, అంతే.

ఎవరో భుజం పట్టి ఊపుతుంటే మెలకువ వచ్చింది. తోడికోడలు. ఇంటి నిండా మాడు వాసన.

"పప్పు బొగ్గైంది, గిన్నె పాయె! ఊరంత ఎగురుతాంటే నువ్వు పట్టపగలు పండుకుంటివా?"

"నిద్రొచ్చిందే," అన్నాను.

ఆమె మాడిన గిన్నె తీసి బయట పెట్టి, లోపలి నుంచి చాప తెచ్చి గడప పక్కన పరిచింది. "పండుకో. బువ్వ నేను తెస్త. రేపు మా పడుగున్నది, జల్దిన రావాలె," అని వెళ్లిపోయింది.

నేను మళ్లీ పడుకున్నాను.