నేపాలుకు తొవ్వ రాసిన ఎండకాలం

నా చేతిరాత బాగుంటదని ఫిజిక్స్ సారు నన్ను ఆయన జట్టుల కలుపుకున్నడు. జట్టంటే పెద్దదేం కాదు. సారు, ముగ్గురు పోరగాండ్లు, నేను. అరవైల మొదట్ల పాలమూరుల కెమెరా ఉన్నోన్ని జనం ఆగి మరీ చూసెటోళ్ళు. సారు దగ్గర రెండుండె. ఒకటి ఫోటోలది. ఇంకోటి చావి తిప్పితే నడిచే చిన్న సినిమా కెమెరా, ఆయన తమ్ముడు బొంబాయి నుంచి తెచ్చిచ్చింది.

ఒకనాడు ల్యాబుల సారు అన్నడు. "ఈ ఎండకాలం సెలవులల్ల ఇంకో దేశం పోదం. రైల్లనే పోదం. తొవ్వ పొంటి సినిమా తీసుకుంట పోదం."

మేం నవ్వినం. సారు నవ్వలె. "నేపాల్. పాస్‌పోర్టు సుత అడగరు. సరిహద్దు కాడ మన రైలు దిగితే ఆడ వాళ్ళ చిన్న రైలుంటదట" అన్నడు.

అప్పుడే పనులు పంచిండు. బట్టల దుకాణం సేటు కొడుక్కు సినిమా కెమెరా. తాసిల్దారు కొడుక్కు ఫోటోల కెమెరా. మూడో ఆయనకు స్టాండు, ఫిలిం డబ్బాలు. నా దిక్కు చూసి "నువ్వు తొవ్వ రాయి" అన్నడు.

తొవ్వ రాసుడంటే ఏ రైలు ఎప్పుడు పోతది, యాడ దిగాలె, ఎంతసేపు ఆగాలె, యాడ తినాలె, యాడ పండాలె, అన్నీ ఒక నోటుబుక్కుల ఎక్కించుడు. నాకది గొప్పగనే అనిపించింది. రోజు సాయంత్రం స్టేషనుకు పోయేటోన్ని. స్టేషన్ మాస్టరు లావుపాటి రైళ్ళ పుస్తకం నా ముందటేసి, జర మెల్లగ తిప్పమనెటోడు. సికింద్రాబాదు, కాజీపేట, బల్లార్షా, నాగ్‌పూర్, ఇటార్సీ, అలహాబాద్. ఆ పేర్లు రాస్తుంటే నోట్లె గుణుసుకునేటోన్ని. అప్పటికి నేను చూసిన పెద్ద స్టేషను పాలమూరే.

పుస్తకంల దొరకనివి తెలుసుకోనీకె దూరం దూరం స్టేషన్లకు ఉత్తరాలు రాసిన. ఒక్క స్టేషన్ నుంచే జవాబొచ్చింది. సరిహద్దు కాడి స్టేషను గుమాస్తా ఎవరో పోస్టుకార్డు మీద ఇంగ్లీషుల సన్నగ రాసి పంపిండు. పట్నా కాడ గంగ మీద రైలు వంతెన లేదు, స్టీమరుల దాటాలె, కెమెరాలుంటే సరిహద్దు కాడి సుంకం ఆఫీసుల ముందే కాగితం రాయించుకోవాలె, లేకుంటే తిరిగొచ్చేటప్పుడు కష్టమైతది అని. కింద 'మంచిగ రండి' అని రాసిండు. ఆ కార్డు ఎన్నిసార్లు చదివిన్నో లెక్క లేదు. హాస్టల్లె ఆ ఏడాది నా పేరు మీద వచ్చిన ఉత్తరం అదొక్కటే.

ఏడేడ ఏం సినిమా తీయాల్నో సుత రాయమన్నడు సారు. నేను రాసిన. గంగల స్టీమరు పోతుంటే నీళ్ళ మీది నుంచి ఒడ్డు తీయాలె. చిన్న రైలు సరిహద్దు దాటుతుంటే కిటికీల నుంచి తల బయటపెట్టి ఇంజను తీయాలె. కొండలు మొదటిసారి అగుపడంగనే కొండలు తీయకుండ వాటిని చూసే మన మొఖాలు తీయాలె. సారు చదివి "నువ్వు చూసొచ్చినట్టే రాస్తవు" అన్నడు.

సేటు కొడుకు స్టేషన్ల ఫిలిం లేని కెమెరా పట్టుకొని చెయ్యి తిరగనీకె మశ్కు చేస్తుండె. నన్ను రైలు దిగెటోని లెక్క నడువమనెటోడు. నేను ప్లాట్‌ఫారం ఆ కొస నుంచి ఈ కొసకు నడిచేటోన్ని. "ఇంకోసారి, కెమెరా దిక్కు చూడకు" అనెటోడు. మళ్ళ నడిచేటోన్ని. పనైనంక వాళ్ళు ముగ్గురు హోటల్ల చాయ తాగనీకె పోయెటోళ్ళు. నన్ను రావద్దని ఎవ్వరనలె. రమ్మని సుత అనలె.

పోయే తారీకు ఖరారైంది. టికెట్ల మీద విద్యార్థుల రాయితీ కాగితం సుత వచ్చింది. అప్పుడు ప్రిన్సిపాలు ఒక మాటన్నడు. తండ్రి సంతకం లేంది ఎవ్వర్నీ పంపను అని. వాళ్ళు ముగ్గురు తెల్లారి సంతకాలు తెచ్చిండ్రు. నేను మా నాయిన యాడున్నడో తెల్వక నిలవడ్డ.

మాది కల్వకుర్తి దిక్కు పల్లె. గొర్లే మా బతుకు. ఎండలు ముదిరితే మా దిక్కు గడ్డి పోస ఉండదు. నాయిన మందను తోలుకొని అమ్రాబాద్ అడివికి పోతడు, వానలు పడ్డంకనే వస్తడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్ల అవ్వ ఒక్కతే ఉంటది.

ఊరికి పోయి "నాయిన యాడుంటడే?" అని అవ్వనడిగిన.

"నీళ్ళు యాడుంటే ఆడ" అన్నది అవ్వ. నా కండ్లల్ల నీళ్ళు చూసి, "అచ్చంపేట దాటి పైకెక్కి అడుగు బిడ్డా, ఎవరన్న చెప్తరు" అన్నది. రెండు జొన్న రొట్టెలు బట్టల కట్టిచ్చింది.

పోయే తారీకుకు ఇంకా నాలుగు దినాలుండె. అచ్చంపేటల బస్సు మారి, పైకెక్కి అమ్రాబాదుల దిగిన. ఆడి నుంచి నడక. మొదటి దినం ఎవ్వర్నడిగినా మందలు మస్తుగొచ్చినయి, ఏ మందని చెప్పాలె అన్నరు. రెండో దినం ఆ అడివిల ఉండే ఒక చెంచు ఆయన నా మాటిని, "చెవికి ముక్కోణం కోసిన గొర్లా?" అనడిగిండు. అవ్, అవి మావే, అది మా మంద గుర్తు. నన్ను వెంటబెట్టుకొని పోయిండు. వెదురు పొదలల్ల నుంచి నడుస్తుంటే ఇటార్సీల మా రైలు ఎంతసేపు ఆగుతదో నాకు యాదికొచ్చింది. ఆ సంగతి తెలుసు గని, మా నాయిన పండే జాగ తెల్వదు.

మూడో దినం పొద్దుగూకంగ దొరికిండు. ఎండిన వాగు ఇసుకల నీళ్ళకు చెలిమె తోడుతున్నడు. నన్ను చూసి చేతిల చిప్ప పడేసిండు.

"అవ్వకేమన్నయిందా?"

"ఏం గాలె నాయినా. సంతకం కావాలె. రైల్ల వేరే దేశం పోతున్నం, సినిమా తీయనీకె."

నాయిన పడ్డ చిప్ప తీసి ఒడ్డున పెట్టిండు. "రైలు దేశం దాటి సుత పోతదా?" అన్నడు.

"పోతది."

"ఎన్ని దినాల తొవ్వ?"

"పోనీకె నాలుగు దినాలు."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"నేనే రాసిన నాయినా. అందరు నేను రాసిన తొవ్వలనే పోతరు."

నాయిన మొఖం వెలిగింది. గొంగడి మీద కూసున్నడు. పెన్ను విప్పి ఆయన బొటనవేలికి సిరా రుద్దిన. ఏలు కాగితం మీద గట్టిగ ఒత్తిండు. మరకైతదని భయమైందేమో, ఏలు ఎత్తినంక సుత కాగితం దిక్కే చూస్తుండె.

నాయినతోని ఒక్క పూటనే ఉన్న. తెల్లారి దినమంత నడిచి అమ్రాబాద్ చేరితే ఆ దినం బస్సు రాలె. మర్నాడు సుత రాలె. యాడనో చెడిపోయిందన్నరు. పాలమూరుల దిగేటాలకు నేను రాసిన తారీకు నిన్ననే దాటిపోయింది.

సీదా స్టేషనుకు పోయిన. మాస్టరు నన్ను చూసి లేచి నిలవడ్డడు. "నిన్న పోయిండ్రు కొడుకా. నీ సారు రైలు కదిలేదాక మెట్ల కాడనే నిలవడి చూసిండు." హాస్టల్ల వాచ్‌మెన్ చిట్టీ ఇచ్చిండు. 'టికెట్ల తారీకు మారదు. నీ నోటుబుక్కు తీసుకపోతున్న. కోపం చేసుకోకు' అని రాసిండు సారు. కోపం రాలె. నా గదిల బల్ల మీద నోటుబుక్కు ఉండే జాగ ఖాళీగుండె. ఏలిముద్ర కాగితం మడిచి ఆడ పెట్టిన.

పరీక్షలు అప్పటికే అయిపోయి హాస్టల్ ఖాళీగుండె. వంటాయన సుత ఊరికి పోయిండు. నేను పోలె. ఊర్లె ఏముంది, నేపాల్ పోలేదేందని అవ్వ అడుగుతది. వాచ్‌మెన్ వండుకున్న దాంట్ల నాకింత పెట్టెటోడు. నోటుబుక్కు లేకున్నా అందులున్నదంత నాకు నోటికొచ్చు. పొద్దున లేస్తే, ఇప్పుడు నాగ్‌పూర్ దాటిండ్రు అనుకునేటోన్ని. బాయి కాడ తానం చేస్తూ, ఇప్పుడు స్టీమరు ఎక్కుతుండొచ్చు అనుకున్న. వాళ్ళు తిరిగొచ్చేదాక గట్లనే దినాలు గడిచినయి. అన్నం కాడ వాచ్‌మెన్ అనే రెండు మాటలు తప్ప మాట్లాడనీకె మనిషి లేకుండె. ఒకనాడు నా గొంతు నాకే కొత్తగ వినవడ్డది.

కాలేజీ తెరిచినంక, బొంబాయి నుంచి కడిగిన ఫిలిం వచ్చినంక, ల్యాబుల తెల్లబట్ట కట్టి సినిమా చూపిచ్చిండ్రు. ముందుగాల ప్లాట్‌ఫారాలు, జనం. తర్వాత గంగ ఒడ్డు మెల్లగ జరిగిపోయింది. తర్వాత చిన్న రైలు వంపు తిరుగుతుంటే ముందట ఇంజను అగుపడ్డది. తర్వాత మొఖాలు. సేటు కొడుకు, తాసిల్దారు కొడుకు, స్టాండు మోసినాయన, నోళ్ళు తెరుచుకొని పైకి చూస్తున్నరు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. సారు "గిదంత ఈయన రాసిందే" అని నా భుజం మీద చెయ్యేసిండు. నేను తలొంచుకున్న.

వానలు పడ్డయి. ఒక ఐతారం ఊరికి పోతే నాయిన మందతోని వచ్చి ఉండె. వాకిట్ల నలుగురు కూసున్నరు. నన్ను చూడంగనే లేచిండు.

"పోయొచ్చినవా కొడుకా?"

లేదు అంటే ఎందుకంటడు. ఎందుకో చెప్తే, నా ఏలిముద్ర కోసమే ఆగిపోయినవా అంటడు.

"పోయొచ్చిన నాయినా."

కూసోబెట్టి అన్నీ అడిగిండు. నేను చెప్పిన. స్టీమరు, గంగ, చిన్న రైలు. ఏదీ తడుముకోలె. చుట్టున్నోళ్ళు ఊఁ కొడుతున్నరు. ఆఖరుకు నాయిన అడిగిండు.

"ఆడ గొర్లు ఎట్లుంటయి?"

అది నేను ఎవ్వర్నీ అడగలె. నా నోటుబుక్కుల లేకుండె. "ఉన్ని మస్తుగుంటది నాయినా, మోకాళ్ళ దాక" అన్న.

సోమవారం కాలేజీకి పోయి సేటు కొడుకునడిగిన, నేపాల్ల గొర్లు చూసిండ్రా అని. జర యోచన చేసిండు. "ఉండెనేమో. మేం చూడలె. నీ కాగితంల లేకుండె గద" అన్నడు.

తర్వాత ఏండ్లకేండ్లు, ఇంటికి ఎవరొచ్చినా నాయిన మావోడు చదువుకునే దినాలల్లనే రైల్ల దేశం దాటిండని చెప్పెటోడు. ఆడి గొర్ల ఉన్ని ఎంత పొడుగుంటదో తన మోకాలు మీద చెయ్యి పెట్టి చూపెటోడు. నేను పక్కన కూసోని ఊఁ కొట్టేటోన్ని. నాయిన పోయేదాక నిజం చెప్పలె. ఆ వాకిట్ల ఎంతమంది కూసున్నా, నేను పోలేదని తెలిసినోన్ని నేనొక్కన్నే.