పొగ వెనక జింక

మావయ్య పోయాక కూడా ఈ బరువు తగ్గలేదు. ఇన్నేళ్లూ గుండెల్లో పెట్టుకు తిరిగింది ఇక నీకు చెప్పేస్తాను. నా పేరు మాత్రం అడక్కు.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. ఉక్కు ప్లాంటు పనివాళ్ల బస్తీ క్యాంప్ 2లో ఉండేవాడు. ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. కరిగిన ఉక్కు నిండిన బకెట్టును అంత ఎత్తు నుంచి కంటి అంచనాతో దించే పని. సెలవు రోజున నాటు తుపాకీతో, నన్ను వెంటబెట్టుకుని దొంగచాటుగా అడవికి వెళ్లేవాడు. తప్పని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ ఉదయాల మీద నాకింకా బెంగే.

ఆ తుపాకీ పేలితే కాల్చినవాడి కళ్ల ముందంతా పొగే. జింకకు తగిలిందో లేదో పక్కకు నిలబడ్డవాడు చూసి చెప్పాలి. గుండెకు తగిలితే ఎగిరి దూకి, కాస్త దూరం పరిగెత్తి పడిపోతుంది. కడుపులో తగిలితే నడుము పైకి వంచి, ముడుచుకుని, మెల్లగా నడిచిపోతుంది. అప్పుడు వెంటపడకూడదు, పడితే ఇంకా దూరం పోతుంది. కొన్ని గంటలు కదలకుండా కూర్చుని, తర్వాత వెతికి పట్టుకుని దాని బాధ తీర్చాలి. వదిలేసి ఇంటికి రావడం మావయ్య ఎరగడు.

ఒక రోజు మావయ్య పేల్చగానే జింక నడుము వంచింది. నేను చూశాను. తల దించుకుని పొదల్లోకి నడిచిపోయింది.

"తగిలిందేట్రా?" అన్నాడు మావయ్య పొగలోంచి.

"నేదు మావయ్యా. తప్పిపోనాది."

"బరాబర్ చూసావేటి?"

"చూసాను."

ఎందుకన్నాను? మధ్యాహ్నం సుపేలా బజారులో ఒక అమ్మాయి ఎదురుచూస్తానంది. అంతే. ఆ అమ్మాయి ముఖం ఇప్పుడు సరిగా గుర్తు కూడా లేదు. ఆ జింక ఎంతసేపు బతికిందో, ఏ పొదలో పడి ఎంత కొట్టుకుందో అని మాత్రం ఈనాటికీ అనుకుంటూనే ఉంటాను.

అంత దగ్గర్లో గురి తప్పిందంటే చూపు పోతోందనుకున్నాడు మావయ్య. "కింద మనుసులుంటారురా. ఈ కన్నుతో బకెట్టు ఎలాగ దించీది?" అన్నాడు. చూపు బాగుందని డాక్టర్ చెప్పినా వినలేదు. పైవాళ్లను అడిగి మరీ క్రేన్ దిగి, కింద పనికి మారిపోయాడు. డాక్టర్ మాట కంటే నా మాటే నమ్మాడు. ఎంతో ఇష్టంగా ఎక్కే క్రేన్ అది. చెప్పేద్దామని ఎన్నిసార్లు ఆయనింటికి వెళ్లానో! టీ తాగి, ప్లాంటు కబుర్లు విని, కోహ్కాలో మా ఇంటికి వచ్చేసేవాణ్ణి.

ఒక్కసారి మళ్లీ ఆ పొగ పక్కన నిలబడాలని ఉంది. ఆయన అడగాలి, నేను చెప్పాలి. అడిగేవాడు లేడు కాబట్టి నీతో అంటున్నాను.

తగిలింది మావయ్యా. నీ కన్ను బాగానే ఉంది.